తీగకు అటు చివర కెమెరా

చేతులు వణికే మనిషి అంత నిశ్చలమైన పూల ఫొటోలు ఎలా తీశాడని ఎవరైనా అడిగితే చెప్పగలను. కానీ ఆ ఏప్రిల్ మధ్యాహ్నం, ఏడేళ్ళుగా దాచుకున్న ఆ చేతుల్ని సీబ్రెన్ కోటు జేబుల్లోంచి ఎందుకు బయటికి తీశాడని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. తీయకుండా తప్పించుకునే దారి ఆయనకు ఉంది. పక్కన కూర్చున్న నాకే ఆ దారి కనిపించింది. ఆయనకు కనిపించకుండా ఎలా ఉంటుంది?

మాది పూలగడ్డల సీమ. హిల్లెగొమ్ ఊరు దాటాక కాలవ పక్కన ఒక పాత గిడ్డంగిలో మా కేటలాగు ఆఫీసు ఉండేది. రైతులు కొత్త రకం తులిప్‌లు తెచ్చేవాళ్ళు. వాటికి ఫొటో తీయడం, ఆ ఫొటో కింద నాలుగు వాక్యాలు రాయడం, పుస్తకం వేసి గడ్డల వ్యాపారులకు పంపడం మా పని. ఫొటోలు సీబ్రెన్‌వి. "ముదురు ఊదా, అంచున వెండి ఛాయ, కాడ గట్టిది, గాలికి తలవంచదు" వంటి వాక్యాలు నావి. ఏడాదిలో అసలు పని ఐదు వారాలే. ఆ ఐదు వారాల్లో నాలుగు వందల రకాలు మా బల్ల మీదికి వచ్చి పోయేవి.

తులిప్ కోసినా చావదు. నీళ్ళలో పెడితే పెరుగుతూనే ఉంటుంది, వెలుతురు వైపు మెడ తిప్పుకుంటుంది. వెచ్చగా తగిలితే నోరు తెరుస్తుంది, చల్లబడితే మూస్తుంది. అందుకని ఫొటోల గదిని తొమ్మిది డిగ్రీల దగ్గర ఉంచేవాళ్ళం. లోపలికి వచ్చినవాళ్ళందరూ కోట్లు తొడుక్కునే ఉండేవాళ్ళు, చేతులు జేబుల్లో పెట్టుకునేవాళ్ళు. ఆ గదిలో ఒక మనిషి ఎప్పుడూ జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడితే ఎవరికీ ఏమీ అనిపించదు.

సీబ్రెన్ ఉత్తరాన పాడి ఆవుల సీమ అయిన ఫ్రీస్‌లాండ్ మనిషి. ఒక్క సీజను పని చేసి పోదామని వచ్చి ఇరవై ఒక్క సీజన్లు ఉండిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. పొడుగ్గా ఉండేవాడు, గుమ్మంలోంచి వచ్చేటప్పుడు అలవాటుగా వంగేవాడు. ఎత్తయిన గుమ్మాల్లోనూ వంగేవాడు. మొదట్లో ఆయన చేతి పని చూడాలి. ముక్కాలి స్టాండు మీద కెమెరా, నల్లగుడ్డ కింద తల, రెండు వేళ్ళతో లెన్సు రింగును తిప్పడం. పాల మీద మీగడ తీస్తున్నట్టు ఉండేది.

కెమెరాను కంప్యూటరుతో కలిపి, కంప్యూటరు నుంచే నడిపించే ఏర్పాటు మా మేనేజరు మార్యోలైన్ తెచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది సీబ్రెనే.

"పక్క ఊళ్ళో కూచుని ఆవు పాలు పితికినట్టుంది ఇది. కెమెరా అక్కడ, నేనిక్కడ. మధ్యలో తాడు. ఇంతకీ ఎవర్ని ఎవరు కట్టేసినట్టు?"

"వాడి చూడు, తర్వాత మాట్లాడు" అంది మార్యోలైన్.

"ఫ్రీస్‌లాండ్‌లో ఆవుల్ని ఇలాగే కట్టేస్తాం. అవి కూడా మొదట అరుస్తాయి" అన్నాడు సీబ్రెన్.

నాలుగు రోజులు అరిచాడు. ఐదో రోజు నుంచి మాట లేదు. తీగకు ఇటు చివర బల్ల ముందు కూర్చుని, తెర మీద రేకుల్ని అరచేయంత పెద్దవి చేసుకుని, బాణం గుర్తు మీట నొక్కుతూ కూర్చున్నాడు. ఒక్క నొక్కుకు అటు చివర లెన్సు వెంట్రుకవాసి కదులుతుంది. వెలుతురు ఎంత, రెప్ప ఎంతసేపు తెరవాలి, అన్నీ మీటలతోనే. చివర్న పొడుగాటి స్పేస్ మీట నొక్కితే అవతల చిన్న చప్పుడు, ఇవతల తెర మీద పువ్వు. పువ్వు పెట్టాక స్టాండు అదురు తగ్గేదాకా పన్నెండు లెక్కపెట్టేవాడు. అప్పుడే ఫొటో. లెక్క పైకి వినిపించేది కాదు, పెదాలు కదిలేవి. గదిలో అందరి కళ్ళూ తెర మీదే ఉండేవి, మీటల మీది చేతుల్ని ఎవరూ చూసేవాళ్ళు కాదు.

ఆయన చేతుల సంగతి నాకు తెలిసింది చేతుల్ని చూసి కాదు. తీసిన ఫొటోలకు నా వాక్యాలు జత చేసేటప్పుడు కంప్యూటరులో ప్రతి పువ్వుకూ ఒకటే ఫొటో రెండేసి, మూడేసి ఉండటం గమనించాను. క్షణం తేడా లేదు, ఈగ కదిలినంత తేడా లేదు. మీట ఒకసారి నొక్కాలనుకున్న వేలు మూడుసార్లు నొక్కుతోంది. మౌసును ఆయన మొదటి వారమే సొరుగులో పడేశాడని అప్పుడు గుర్తుకొచ్చింది. కాఫీ ఎప్పుడూ మూత ఉన్న కప్పులో తాగుతాడని, కాగితాల మీద సంతకం బదులు ముద్ర వేస్తాడని కూడా.

అదనపు ఫొటోలు చెరిపేశాను. ఎవరితో ఏమీ అనలేదు. మరుసటి వారం నుంచి రెండోవి రావడం ఆగిపోయింది. మీట మీద ఒక నొక్కు పడ్డాక క్షణంపాటు ఇంకే నొక్కునూ లెక్కచేయకుండా ఆయనే ఏదో అమర్చుకున్నాడు. అప్పుడు కూడా ఆయన ఏమీ అనలేదు. కానీ ఆ సోమవారం నా బల్ల మీద ఫ్రీస్‌లాండ్ లవంగాల జున్ను ముక్క ఒకటి, నూనె కాగితంలో చుట్టి ఉంది.

దాచడానికి కారణం ఉంది. మా ఆఫీసులో ఎవరినీ పనిలోంచి తీసేయరు. అంతకంటే మెత్తని పద్ధతి ఉంది. వౌట్ అని, ప్యాకింగు విభాగంలో మేటి మనిషి ఉండేవాడు. నడుము పట్టేసిందని తెలిసిన వారంలో ఆయన్ని వెచ్చని గదిలో, కిటికీ పక్కన, చీటీలు సరిచూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కేకు కోశారు. అందరూ మనస్ఫూర్తిగానే చేశారు. ఆ తర్వాత వౌట్ భుజాలు ఎలా కిందికి జారాయో సీబ్రెన్ రోజూ భోజనాల గదిలో చూసేవాడు. సీబ్రెన్ పింఛనుకు ఇంకా రెండు సీజన్లు ఉన్నాయి. ఆ రెండూ తీగకు ఇటు చివరే గడిచిపోవాలి. ఆయన కోరింది అంతే.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి.

తేనిస్ రోటెవేల్ డెబ్బై తొమ్మిదేళ్ళ రైతు. ఊరంతా ఆయన్ని బాబాయ్ అంటుంది. ఒక విత్తనం నుంచి మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు పెంచిన కొత్త తులిప్ ఆ ఏడు బయటికి తెస్తున్నాడు. ముదురు ఊదా, అడుగున ఆకుపచ్చ మచ్చ. పొద్దున్నే ఫోన్ చేసి ఏడుపు గొంతుతో మాట్లాడాడు. గడ్డ బలంగా పెరగాలంటే పూసిన పువ్వుల తలలు తెంచేయాలి. మా ఊళ్ళో అందరూ యంత్రంతో అదే చేస్తారు. ఫొటో అయ్యేదాకా ఆ ఒక్క మడి ముట్టుకోవద్దని చెప్పడానికి బాబాయ్ మడి చివర తెల్ల గుడ్డ కట్టాడు. ఆయన అల్లుడు దాన్ని "పనయింది, తెంచెయ్యి" అనుకుని తెల్లవారకముందే యంత్రం తోలేశాడు. బకెట్లో ముందురోజు కోసి పెట్టిన మూడు కాడలు తప్ప ఆ రకం పువ్వు ఇక ఆ ఏడుకు భూమ్మీద లేదు.

ఆ మూడింటినీ తడి పేపర్లో చుట్టుకుని వచ్చాడు. చెక్కబూట్లు గుమ్మం దగ్గర విడిచి, మడమ దగ్గర చిల్లు పడిన మేజోళ్ళతో లోపలికి నడిచాడు.

"ఏమయ్యా ఫ్రీస్‌లాండూ, ఇది గదా, శవాలు దాచే కొట్టా?"

"మీ పువ్వు నోరు మూసుకోవాలంటే ఇంత చలి కావాలి బాబాయ్. మీ నోటికి ఎంత కావాలో ఇంకా కనిపెట్టలేదు."

"మా అల్లుడి తలకాయ ఇక్కడ పెడితే పనికొస్తుందేమో చూడు. తలలు తెంచడంలో మొనగాడు. వాడి తల ఎక్కడ పెట్టాడో వాడికే తెలీదు."

మార్యోలైన్ నవ్వి కాఫీ తెచ్చింది, పళ్ళెంలో ఒక్కో బిస్కెట్టు. సీబ్రెన్ మొదటి కాడను దీపాలు సరిచూసుకోవడానికి వాడుకున్నాడు. అది అరగంటలో నోరు తెరిచేసింది. రెండోది దారిలోనే మెడ వాల్చింది. మూడోదాన్ని నేను సీసాలో నిలబెట్టాను. తెర మీద అది కనబడగానే బాబాయ్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"ఆకు మీద ఇసుక రేణువుంది."

"కనబడుతోంది బాబాయ్. తర్వాత చూసుకుంటా."

"ఇరవై రెండేళ్ళు పెంచి ఇసుకతో ఫొటో తీయిస్తానా?"

రైతుకు తన పువ్వును ముట్టుకోకుండా ఉండటం చేతకాదు. లేచాడు. మేజోళ్ళ కాలికి నేల మీద తీగ తెలియలేదు. కాలు దాంట్లో చిక్కుకుని ముందుకు తూలాడు. నేను పట్టుకున్నాను. పువ్వుకు ఏమీ కాలేదు, స్టాండు నిలబడింది. కానీ తీగ కెమెరా పక్కనున్న రంధ్రంలోంచి పక్కకు లాగుకుని ఊడివచ్చింది. ఆ రంధ్రం లోపలి చిన్న నాలుక విరిగిపోయింది. తెర మీద పువ్వు మాయమై, కెమెరా దొరకడం లేదన్న ఒక్క వాక్యం మిగిలింది.

సీబ్రెన్ మళ్ళీ గుచ్చి చూడమన్నాడు. గుచ్చాను. ఇంకోసారి గుచ్చాను. అదే వాక్యం.

"రెండో కెమెరా?" అన్నాను.

"నూర్డ్‌వైక్ తోటల్లో ఉంది, సాయంత్రం దాకా రాదు" అంది మార్యోలైన్. పువ్వు వైపు చూసింది. రేకులు అప్పటికే కొద్దిగా వదులవుతున్నాయి. "చేత్తోనే తీసెయ్యి సీబ్రెన్. వెనకటికి అలాగేగా తీసేవాడివి."

ఎంతో మామూలుగా అంది. మనసులో ఏమీ లేదు.

కుదరదని చెప్పడానికి సీబ్రెన్‌కు ఒక్క వాక్యం చాలు. ముందు రేకు నుంచి వెనక రేకు దాకా పద్నాలుగు ఫొటోలు తీసి ఒకటిగా కలిపితే గానీ పువ్వంతా స్పష్టంగా రాదు, చేత్తో ముట్టుకుంటే కెమెరా అదురుతుంది, వచ్చే ఏడు చూద్దాం అంటే మార్యోలైన్ నమ్మేది. బాబాయ్ కూడా నమ్మేవాడు. తప్పు తన కాలిదే కాబట్టి నోరు మెదిపేవాడు కాదు. నిజానికి అప్పటికే మెదపడం లేదు. బిస్కెట్టు చేతిలోనే పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

సీబ్రెన్ లేచి కెమెరా దగ్గరికి వెళ్ళాడు. జేబుల్లోంచి చేతులు తీశాడు.

కాలవలో పెద్ద పడవ పోయినప్పుడు గట్టుకు కట్టిన చిన్న పడవ తాడు ఎలా అదురుతుందో అలా ఉన్నాయి. నేను ఏడేళ్ళు తెలిసీ చూడలేదు. అంతగా ఉంటుందనుకోలేదు. 

"నెల్, ఇలా రా" అన్నాడు. "వేళ్ళు నీవి, కళ్ళు నావి."

"నేనెప్పుడూ కెమెరా ముట్టుకోలేదు సీబ్రెన్."

"అదే మంచిది. చెడ్డ అలవాట్లేమీ ఉండవు."

కెమెరా వెనకున్న చిన్న తెరకు ముక్కు ఆనీ ఆననంత దగ్గరగా నిలబడ్డాడు. నేను పక్కనుంచి రెండు వేళ్ళు రింగు మీద పెట్టాను.

"వెంట్రుకంత ఎడమకి. అది వెంట్రుక కాదే తల్లీ, గుర్రం తోక. వెనక్కి. ఇంకా. ఆఁ. వేళ్ళు తియ్యి."

పన్నెండు లెక్కపెట్టాడు. ఈసారి పైకే. కెమెరా దానంతట అదే తీసేలా అమర్చిన గడియారం ఉందని మార్యోలైన్ గుర్తు చేసింది. "గడియారానికి తొందరెక్కువ" అన్నాడు. పన్నెండు తర్వాతే నన్ను అదురు లేకుండా మెత్తగా నొక్కమన్నాడు. ఒక ఫొటో, రెండు, మూడు. నా వేలు నాది కానట్టు, ఆయన మాట చివర తగిలించిన వస్తువైనట్టు ఉంది. తొమ్మిదోదానికి వచ్చేసరికి ఆపమన్నాడు.

"పువ్వు ఊపిరి తీసింది. ఎడమ రేకు కదిలింది. అన్నీ మళ్ళీ మొదట్నుంచి."

"దీపాల వేడి" అంది మార్యోలైన్.

"దీపాలార్పండి. బాబాయ్, ఉత్తరం తలుపు తెరిచి అడ్డంగా నిలబడండి. గాలి రావాలి, ఎండ రాకూడదు."

బాబాయ్ చిల్లు మేజోళ్ళతో గుమ్మంలో నిలబడ్డాడు. పొలాల మీది గాలి లోపలికి వచ్చింది. రేకులు మళ్ళీ దగ్గరవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ చేయడానికి పని లేదు. సీబ్రెన్ చేతులు మళ్ళీ జేబుల్లో పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. పక్కకు వేలాడేసి నిలబడ్డాడు. ఎవరం అటు చూడలేదు. చూడటం లేదని తెలిసేంతగా చూడలేదు.

ఆఖరికి గుమ్మంలోంచి బాబాయ్ అన్నాడు: "నా చేతులూ వణుకుతాయి. నేనైతే జిన్ మీదికి తోసేస్తాను."

"నేను తాగను బాబాయ్."

"అదీ నీ పొరపాటు. మనిషన్నాక నెపం ఒకటి ఉంచుకోవాలి."

సీబ్రెన్ నవ్వాడు. భుజాలు కూడా నవ్వాయి. ఏడేళ్ళలో ఆయన అంత తేలిగ్గా నవ్వడం నేను చూడలేదు.

దీపాలు మళ్ళీ వేసి మొదట్నుంచి తీశాం. పద్నాలుగూ వచ్చాయి. కార్డు తీసి కంప్యూటరులో పెట్టాం. కెమెరాలు ఊదా రంగును ఎప్పుడూ ఎరుపు వైపు లాగుతాయి. సీబ్రెన్ మొదటి కాడ నుంచి ఒక రేకు తుంచి తెర పక్కన పట్టుకోమని నాకిచ్చాడు. తన కుర్చీలో కూర్చుని ఒక్కో మీటా నొక్కుతూ రంగును రేకు దాకా తీసుకొచ్చాడు. ఆ పని ఎవరి సాయమూ లేకుండా చేశాడు. బాబాయ్ వచ్చి తెర ముందు వంగి చాలాసేపు చూశాడు.

"అదే" అన్నాడు. మిగిలిన బిస్కెట్టు నోట్లో వేసుకుని చెక్కబూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మార్యోలైన్ సీబ్రెన్‌ను పిలిచి, "నీ కుర్చీ నీదే, దానికేమీ కాదు" అంది. మనస్ఫూర్తిగానే అంది. తొమ్మిది రోజుల్లో కెమెరా బాగై వచ్చింది. తీగ మళ్ళీ తగిలించాం. స్పేస్ మీట నొక్కాడు, చప్పుడు, పువ్వు. ఇక అంతా మునుపటిలాగే అనుకున్నాను.

కాలేదు. ఎవరో ఆయన కప్పులో సగమే కాఫీ పోయడం మొదలుపెట్టారు. వచ్చిన రైతులు తలుపులు ఆయనకంటే ముందు తెరిచేవాళ్ళు. మార్యోలైన్ ఎక్కడో వెతికి, వణికే చేతుల కోసం ప్రత్యేకంగా చేసిన పెద్ద మెత్తటి మౌసు కొనుక్కొచ్చి, దాని పెట్టె మీద రిబ్బను కట్టి ఇచ్చింది. పని పట్టికలో ఆయన పేరు కింద నా పేరు "తోడు" అని రాసింది. దేనికీ కోపం తెచ్చుకోవడానికి వీల్లేదు. మౌసును ఆయన పాత మౌసు పక్కనే సొరుగులో పెట్టి, "దీనికి తోడు దొరికింది" అన్నాడు.

ఒకరోజు రైతు వెళ్ళిపోయాక నన్నడిగాడు. "నెల్, ఇప్పుడెవరైనా తెర వైపు చూస్తున్నారా?"

"చూడకేం. అందరూ తెర వైపే చూస్తున్నారు."

"ఇన్నేళ్ళుగా నాలుగు వాక్యాల్లో నిజం రాస్తున్నావు. ఒక్క వాక్యంలో అబద్ధం చెప్పడం మాత్రం నేర్చుకోలేదు."

 పువ్వు మార్చాను. ఆయన పెదాలు కదిలాయి.

మే నెల మధ్యలో మార్యోలైన్ మళ్ళీ మాట్లాడింది. వచ్చే సీజనుకు కొత్త మనిషి వస్తుందట. సీబ్రెన్ ఆమెకు నేర్పాలట. ఆ తర్వాత వెచ్చని గదిలో వౌట్ పక్కన ఇంకో బల్ల వేస్తారట, చూపు అవసరమైన పని అట, చేతులతో పని లేదట. "నీ కళ్ళు మాకు కావాలి" అందట. ఇదంతా సీబ్రెనే నాకు చెప్పాడు, వాతావరణం చెప్పినట్టు.

"ఏమన్నావు?" అన్నాను.

"కేకు ఏం రుచి కావాలో చెప్పమంది. ఆలోచించి చెప్తానన్నాను."

సీజను ఆఖరి శుక్రవారం ఇంకా పదకొండు రకాలు మిగిలాయి. ఆలస్యంగా పూసే రకాలు, అంచులు చీలినవి, చిలక ముక్కుల్లాంటివి. పదకొండూ చేశాడు. ఒక్కదాన్ని కూడా తొందరపెట్టలేదు. చివరిది పసుపు, ఎర్ర చారలది. దాని రంగు సరిచేయడానికి గంట పట్టింది. నేను ఆ సాయంత్రం దాని కింద "ఆలస్యంగా వస్తుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది" అని రాశాను.

మూడింటికి భోజనాల గదిలోకి రమ్మని మార్యోలైన్ కేకేసింది. నిమ్మకాయ కేకు అని ఆమే ఎంచుకుంది. అందరూ పోయారు. నేను కూడా వెళ్ళి, పదిమంది గుండ్రంగా వేసుకున్న కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని, సీబ్రెన్ కోసం పక్క కుర్చీ మీద నా పుస్తకం పెట్టాను. కాఫీలు పోశారు. ఎంతకీ రాకపోతే లేచి వెళ్ళి చూశాను.

ఫొటోల గదిలో దీపాలార్పి ఉన్నాయి. కంప్యూటరు మూసి ఉంది. తీగను కెమెరాలోంచి, కంప్యూటరులోంచి తీసి, చక్కగా చుట్టి బల్ల మీద పెట్టాడు. వణికే చేతులతో అంత గుండ్రంగా చుట్టడానికి ఎంతసేపు పట్టిందో.

ఉత్తరం తలుపు తీసి ఉంది. బయట సైకిలు తాళం తీస్తున్నాడు. తాళంచెవి రంధ్రంలో పడటానికి రెండు మూడుసార్లు ప్రయత్నించాడు. నేను పిలవచ్చు. పిలిస్తే తిరుగుతాడు, ఏదో ఒక మాట అంటాడు, నవ్విస్తాడు. అప్పుడు లోపలికి రాక తప్పదు. నేను పిలవలేదు.

తాళం తెరుచుకుంది. సైకిలు నడిపించుకుంటూ గేటు దాటి, సీటు మీదికెక్కి, ఎదురుగాలికి వంగి, కాలవ గట్టు వెంట వెళ్ళిపోయాడు.